ఎడమ టైరు భుజం

జయపురంలో మా కొట్టు బోర్డు మీద
మూడు లిపులున్నాయి. గాలి ఒక్కటే.
లారీలవీ ట్రాక్టర్లవీ చూసిన బల్ల మీద
ఆ మధ్యాహ్నం బుగత కూర్మారావు
గోనె విప్పి ఒక పుల్లల చక్రం దించాడు,
కంసాలి ముందు పాత నగ పెట్టినట్టు.
"దీనికేటేస్తావో చూడు."

నలభై ఎనిమిది పుల్లలు. మీటితే దేని గొంతు దానిదే.
ఇది చక్రమా వీణా అని
మా కుర్రాడు దైతారి ఒడియాలో గొణిగాడు.

రెండే సీట్ల ఎం.జి. బండిది.
కాఫీ తోట మేనేజరు మహాంతి
పదకొండు నెలల జీతం బాకీ కింద
తాళంచెవి చేతిలో పెట్టి కటకం వెళ్ళిపోయాడు.
అప్పట్నించీ పంతొమ్మిదేళ్ళు, రేకుల షెడ్డులో,
ఊరి బళ్ళు బాగుచేసిన చేతులు
రాత్రి పదింటికి కడుక్కుని
మళ్ళీ నల్లగా చేసుకునేవాడు.

ఊళ్ళో అందరి బళ్ళూ నడిపాడు కూర్మారావు,
వీధి చివరి దాకా.
బ్రేకు పట్టిందో లేదో చూసి తిప్పేసేవాడు.
ఆ మలుపు దాటితే బండి ఇంకొకరిది.

చక్రానికున్న పాత టైరు తడిమాను.
నాకు చేతిరాత రాదు గానీ టైరు రాత వచ్చు.
కళ్ళు మూసుకుని వేలితో చదవమనేవాడు మా నాన్న.
నడుమ అరిగితే గాలెక్కువ,
రెండంచులూ అరిగితే తక్కువ.
ఇది ముందు ఎడమది. బయటి భుజం ఒక్కటే
ఏటిరాయిలా నున్నగా ఉంది.
"మీ మేనేజరు కుడి మలుపుల్లో
బ్రేకు ముట్టుకోలేదు బాబూ" అన్నాను.
కూర్మారావు ఆ భుజం మీద బొటనవేలు పెట్టి
చాలాసేపు తియ్యలేదు.

సరే, బేరం.
కలకత్తాలో తెల్లంచు టైర్లున్నాయి, ఆనాటి అచ్చే.
ఒక్కోటి పాడి ఆవు ధర.
పెళ్ళి ఊరేగింపుకి బాగుంటాయి,
తడిరోడ్డు మీద సబ్బుబిళ్ళలు.
రేడియల్ వేస్తే రోడ్డుని కరుచుకుంటాయి,
కానీ ఆ కాటు పుల్లలు తట్టుకోవాలి కదా.
అటక మీద అంబాసిడర్ టైర్లు నాలుగు,
అవీ పదిహేనంగుళాలే.
దించి దుమ్ము తుడిస్తే పక్కన నాలుగంకెలు:
పదకొండో వారం, పదిహేనో ఏడు.
రోడ్డెరగని టైర్లు. వంచితే గోడల్లో సన్నబీటలు.
"వాడకపోతే చెడదనుకుంటారు,
రబ్బరు కూకున్నా ముసల్దయిపోద్ది."
కూర్మారావు నవ్వాడు. అతనికి అరవై మూడు.
నేను నాలిక కరుచుకున్నాను.

"కొత్తవి తెప్పించు. అంబాసిడర్‌వే. నల్లవి.
పుల్లల కొనలు ట్యూబుని పొడవకుండా
లోపల పట్టీ మంచిదెయ్యి."
చీటీ మీద రాశాను: నాలుగు.
"ఐదు" అన్నాడు.

అప్పటిదాకా నేను
షెడ్డులో నిలబడే బండికి,
దసరాకి పసుపు రాయించుకునే బండికి
టైర్లు ఎంచుతున్నాను.
చూసుకోడానికి నాలుగు చాలు.
ఐదోది అడిగినవాడు
ఎక్కడో చీకట్లో, మనిషి అలికిడి లేనిచోట
తానొక్కడే జాకీ ఎక్కించడం కూడా
ముందే లెక్కేసుకున్నాడు.
నాలుగు కొట్టేసి ఐదు రాశాను.

విశాఖ బస్సు టాపు మీద వచ్చాయి.
కొత్త టైరు మీద లేతమీసంలా రబ్బరు నూగు.
కత్తిరించనా అంటే వద్దన్నాడు.

తొమ్మిదో రోజు గాలికొచ్చాడు.
మడ్‌గార్డుల నిండా ఎర్రమట్టి,
పక్కసీట్లో సుంకి చెక్‌పోస్టు చీటీ.
ఎక్కడికెళ్ళావని అడగలేదు.
అలవాటుగా వంగి
ముందు ఎడమ టైరు మీద వేలు పెట్టాను.
లోపలివైపు నూగు అలాగే ఉంది.
బయటి భుజం మీద ఒక్క వెంట్రుక లేదు.
గరుకుగా, ఇంకా వేడిగా.

ఇరవై నాలుగు పౌన్లు కొట్టి మూత బిగించాను.
"ఎంత?"
"గాలికేటి డబ్బులు" అన్నాను.
బోర్డు మీద మూడు లిపుల్లోనూ రాసుంది,
బండికి పది రూపాయలని.