కిటికీ తాళం

తేజో నదికి అవతలి ఒడ్డు నుంచి
ఇంకా చీకటి ఉండగానే మొదటి పడవ వస్తుంది.
ఆ వసంతంలో అందులోంచి దిగేవాళ్ళంతా బకెట్లవాళ్ళే.
లిస్బన్ మొత్తం తలుపులేసుకుని పడుకుంటే
ఊరు లేచేలోగా ఊరిని తుడవడానికి
ముక్కూ మూతీ గుడ్డ కట్టుకుని
జుల్మిరా వచ్చేది. వెనకాలే ఇవనిల్డా.

నేను కింద బల్ల దగ్గర కాపలా.
జ్వరం చూసి, పేరు రాసి, పైకి పంపేవాణ్ణి.
నా నడుముకి నలభై రెండు తాళంచెవులు.
ఒక్కటి మాత్రం ఎవరికీ ఇవ్వొద్దని కాగితం:
తొమ్మిదో అంతస్తు కిటికీలది.

అక్కడ మనుషుల్లేరు.
కుర్చీల వీపుల మీద కోట్లున్నాయి.
ఎవరిదో పుట్టినరోజు కేకు
ఫ్రిజ్‌లో బూజుగడ్డం పెంచుకుంటోంది.
అయినా బల్లబల్లా తుడవాలి.
ఎవరూ పట్టుకోని తలుపు పిడిని
రోజుకు మూడుసార్లు.

సూపర్‌వైజర్ వాల్దెమార్ వచ్చి
ముందు గాలి పీల్చేవాడు.
"వాసన రావట్లేదే?"
వాసన వస్తేనే శుభ్రం, వాడి లెక్కలో.
కళ్ళు మండితే ఇంకా శుభ్రం.
గదికి నాలుగు నిమిషాలు ఇచ్చాడు.

ఒకరోజు జుల్మిరా సీసా తెచ్చి
కళ్ళద్దాలు లేక చెయ్యంత దూరం పెట్టుకుని
దాని వెనకున్న చీమతలకాయల అక్షరాలు నాకు చదివింది.
ముందు సబ్బునీళ్ళతో మురికి వదిలించాలట.
తర్వాతే ఈ మందు, అదీ గాల్లోకి చిమ్మకుండా
గుడ్డ తడిపి రాయాలట.
రాసింది పది నిమిషాలు తడి ఆరకూడదట.
దేన్నీ దేంతోనూ కలపొద్దట.
గాలి ఆడాలట.

"పది నిమిషాలు, సెన్యోర్ అబీలియో.
ఆయన ఇచ్చింది నాలుగు.
మిగతా ఆరూ ఎవరి జేబులోంచి తియ్యను?"

నేను నవ్వాను.
కింద కూర్చున్నవాడికి నవ్వడం తేలిక.

"పోనీ, కిటికీ తాళమివ్వండి."
కాగితం చూపించాను.
కాగితాన్ని చూసింది, నన్ను చూసింది,
బకెట్ ఎత్తుకుని లిఫ్ట్ ఎక్కింది.

మంగళవారం.
వాకీటాకీలో మాటలు రాలేదు, దగ్గు వచ్చింది.
మరుగుదొడ్లో గార వదిలించే యాసిడ్ పోసి
అది కడక్కముందే దానిమీద బ్లీచింగ్ పోసింది ఇవనిల్డా.
ఇరవై రెండేళ్ళ పిల్ల.
వాసన బాగా రావాలని.

నేను వెళ్ళేసరికి మోకాళ్ళమీద పాకుతూ బయటికొస్తోంది.
జుల్మిరా దాని చంకలకింద చేతులేసి లాగుతోంది.
చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాడిలా
నలభై రెండు తాళంచెవులూ పట్టుకుని నిలబడ్డాను.
ఇది కాదు. ఇదీ కాదు.
పదకొండోది తిరిగింది.

నది గాలి లోపలికొచ్చింది.
నెల రోజులుగా కదలని కాగితాలు
ఒక్కసారి బల్లలమీంచి లేచాయి.

ఆసుపత్రి గుమ్మంలోనే అడిగారట,
"ఆ జబ్బేనా?"
"కాదు," అందట జుల్మిరా, "శుభ్రం."

ఇవనిల్డా మళ్ళీ వచ్చింది. నాలుగు మెట్లెక్కితే
ఛాతీలో ఎవరో ఈల వేస్తున్నట్టుండేది.
తర్వాత రావడం మానేసింది.
రొట్టెల దుకాణంలో చేరిందన్నారు.
అక్కడ పిండి పడుతోందో లేదో, నేను అడగలేదు.

ఇప్పటికీ తాళం నేనెవరికీ ఇవ్వలేదు.
కాగితం అలాగే ఉంది.
పడవ వచ్చే వేళకి దాన్ని బల్లమీద పెట్టి
కాసేపు మరిచిపోతాను.
తిరిగొచ్చేసరికి అక్కడే ఉంటుంది,
కొంచెం సబ్బు జిడ్డుతో.

నిన్న పైకి వెళ్ళాను.
కిటికీ పక్కన కుర్చీలో జుల్మిరా,
ఒళ్ళో చేతితొడుగులు, ఎదురుగా తడి బల్ల.
వాల్దెమార్ నిలబడి అడుగుతున్నాడు:
"ఖాళీగా కూర్చున్నావేం?"

"పని జరుగుతోంది," అంది, బల్లకేసి చూపిస్తూ.
"ఇంకా ఆరు నిమిషాలుంది."

వాడు ముక్కు ఎగబీల్చాడు. మళ్ళీ ఎగబీల్చాడు.
నది తప్ప ఏమీ రాలేదు.