తొలకరి తర్వాత, జొన్నగిరి చేలో

వాన వెలిసిన ఎర్రనేలలో
వంగి నడుస్తాంది సుంకులమ్మ.
చూపుకు ఒకటే చెప్పి పంపింది:
మెరిస్తే ఆగు.

ఇంక గులకరాయి గులకరాయి కాదు,
నిరుటి బుడ్డల పొట్టు పొట్టు కాదు,
అన్నిటికీ ఒకటే పేరు, కాదు.
కాదు, కాదు, కా...
టక్కున ఆగింది కన్ను.
అదేందో తల తేల్చుకునేలోపే
గుండె లేచి నిలబడింది.

సీసా పెంకు.

మడమ పక్కనే ఆరుద్రపురుగు,
మఖమల్ చుక్క,
కొంచెంలో బతికి పక్కకు పోయింది.
ఆమె చూడనేలేదు.

రాత్రి చాటలో బియ్యం.
ఇక్కడ పారేయాల్సింది రాళ్లనే.
అయినా తెల్లగా తగిలిన ప్రతిదాన్నీ
బల్బు కేసి ఎత్తి,
తిప్పి, తిప్పి...

"అమ్మా, ఆకలి" అన్నాడు ఓబులేసు.
మూడోసారికి గానీ
ఆ గొంతు ఎవరిదో
ఆమెకు తెలియలేదు.