మలుపు దగ్గర మనిషి

ల్యాబు కిటికీకి అవతల
కొత్త బ్లాకు మూడో అంతస్తు లేస్తోంది.
ఇవతల నా బల్ల మీద, వెచ్చగా,
ఎస్పీ రోడ్డులో బేరమాడి కొన్న ఫ్యానుని
దారంతో కట్టిన బోర్డు.

వేరుశనగను మొవ్వులోనే కుళ్ళబెట్టే వైరస్‌ది
నాలుగక్షరాల రాత.
వేల చేలల్లోంచి తెచ్చిన రాతల్ని
పక్కపక్కన పరిచి
ఎక్కడ కలిసిందో ఎక్కడ తప్పిందో చూడాలి.
మామూలు కంప్యూటరు ఒంటి గుమాస్తా,
తెల్లార్లూ చూస్తూ కూర్చుంటుంది.
అందుకే ఈ చిప్పులో
అయిదు వందల పన్నెండు చిన్న గదులు కట్టాను.
ఏ గదికీ మొత్తం కథ తెలీదు.
ఎడమ నుంచి అందుకోవడం, కలపడం,
కుడికి అందించడం.

గుండె కొట్టుకున్నట్టు, అన్నారు హెబ్బార్ సారు
బాణాలు గీస్తూ.
తలూపాను గానీ
నాకు గుండె కనపడలేదు.
గమేళాల వరస కనపడింది.

ఇసకకుప్ప నుంచి స్లాబుదాకా
గద్వాల జనం, మెట్టుకొకరు.
మెట్లు మలుపు తిరిగేచోట కుర్మమ్మ.
అక్కడ రెండడుగులు నడిచి అందించాలి.
ఆ రెండడుగులకీ వరసంతా ఆగుతుంది.

నా గడియారమూ అంతే,
నెల్లాళ్ళుగా వంద మెగాహెర్ట్జ్ దాటనంటోంది.

ఉశేనప్ప మేస్త్రీ ఆమెని కసరలేదు.
మలుపులో ఇంకో మనిషిని నిలబెట్టాడు.
నేనూ నా మలుపులో
ఒక రిజిస్టరుని నిలబెట్టాను.
నూట నలభై!
పేపరు చివర మేస్త్రీ పేరు రాస్తే
సారు నవ్వి కొట్టేశారు.

టీ బండి దగ్గర కుర్మమ్మ అడిగింది:
"లోపల ఏం జేస్తవ్ బిడ్డా?"
బుడ్డల తెగులు లెక్కలన్నాను.
"ఆ తెగులుకేగా మేం ఈడికొచ్చింది.
మా చేన్ల కొచ్చి చూడకపోతివి."
గ్లాసు తొలిచి బండి మీద పెట్టి
వరసలోకి వెళ్ళిపోయింది.

సోమవారం మలుపులో ఆమె లేదు.
ఎవరూ ఏమీ చెప్పలేదు.
పక్కవాడు చేతులు చాచాడు,
గమేళా ఒకటి జారి పగిలిన చప్పుడు.

మా లెక్కలో ఖాళీకి జరిమానా ఉంటుంది.
ఖాళీ మొదలైతే పదకొండు,
ఆపైన సాగే ఒక్కో అడుగుకీ ఒకటే.
ఆ అంకెలు ఎందుకలా ఉన్నాయో
ఇన్నేళ్ళలో అడగలేదు నేను.

మంగళవారం, ఒకటి.
బుధవారం, ఒకటి.