దిగడం ఉచితం

కోజోరి కొండ మీంచి త్బిలిసీ ఆసుపత్రి దాకా
పంతొమ్మిది కిలోమీటర్లు.
పొద్దున్నే ఆరుంబావుకి పొగమంచు
మలుపుల్ని ఒక్కొక్కటే మింగేసి
నేను మీదికొచ్చాక ఉమ్మేస్తుంది.

పదకొండేళ్లు నా పాత నీవా జీపు ఈ దారి తొక్కింది.
తిండికి తిమ్మరాజు.
ఎక్కేటప్పుడు ఎంత తాగేదో
దిగేటప్పుడూ మొహమాటపడేది కాదు.
జీతంలో మూడోవంతు దాని గొంతులో పోసి
మిగిలినదాంతో నేను తిన్నాను.
నవంబరులో తబాఖ్మెలా దాటాక ఆగిపోయింది.
అలిగి కాదు,
అలాంటప్పుడు ఒక తన్ను సరిపోయేది.
ఈసారి నిజంగానే అయిపోయింది.

"చిన్న కారు తీసుకో రుసుదాన్,
సీసాడు పెట్రోలుతో వారం లాగుతుంది"
అన్నాడు తేనెటీగల తెంగిజ్.
చిన్న కారు పొట్ట
మా సందు మొదట్లో బండకి తగులుతుంది.
ఆ బండని ఎవరూ తీయరు. మేయరని పేరు పెట్టాం.
"పెద్దది కొనండి" అన్నాడు మా డాక్టరు.
ఆయన జీతం వేరు.
నాకు కావలసిందల్లా
మేయర్ని దాటే ఎత్తు,
పిట్ట తిండి.

ఆదివారం రుస్తావి కార్ల సంత.
ఎక్కడో సముద్రాల అవతల గుద్దుకుని
ఓడెక్కి పోతి రేవులో దిగి
ఇక్కడ కొత్త ముఖాలు తొడుక్కున్న కార్లు
వరసలు వరసలుగా, పెళ్లిచూపులకి కూర్చున్నట్టు.
పొద్దుతిరుగుడు గింజలు నములుతూ మాల్ఖాజ్ అన్నాడు:
"హైబ్రిడ్. నూరు కిలోమీటర్లకి అయిదే లీటర్లు.
ఒంటి మీద ఒక్క గీత లేదు."

నేను ఎక్స్‌రేలు తీసేదాన్ని.
ఏమీ కాలేదని నడిచొచ్చినవాళ్ల ఎముకల్లోనే
ఎక్కువ గీతలు చూశాను.
బానెట్ ఎత్తాను. కుడి వైపు చట్రం మీద
వెల్డింగు అతుకు,
విరిగి ఓపిగ్గా కలిసిన జబ్బ ఎముకలాగ.
చెడ్డ అతుకేం కాదు.
అలాంటి చేతులతో జనం ద్రాక్షబుట్టలు మోస్తారు.
"గీత ఇదిగో" అన్నాను.
అతను గింజలు ఉమ్మడం ఆపాడు.
ఎనిమిది వందల డాలర్లు తగ్గాయి.

ఇంకా ఒప్పుకోలేదు నేను.
సీట్లో కూర్చుని ముందు అర తెరిస్తే
ఒక చిన్న పుస్తకం. పెన్సిలు రాత.
తారీకు, మైళ్లు, గాలన్లు.
ప్రతి వారం, ఒక్క వారం కూడా తప్పకుండా,
పెట్రోలు పోయించిన ప్రతిసారీ
ఎవరో కూర్చుని లెక్క రాసుకున్నారు.
భాష రాకపోయినా అంకెలు అర్థమవుతాయి.
ఫోనులో గుణించాను, భాగించాను.
మాల్ఖాజ్ చెప్పిన అయిదు కాదు. ఆరుంబావు.
నాకు ఆ ఆరుంబావే నచ్చింది.
చివరి పేజీలో మార్చి పద్నాలుగు అని ఉంది.
పక్కన అంకె లేదు.

ఎవరు, ఏమయ్యారు అని మాల్ఖాజ్‌ని అడగలేదు.
తెలిసినా చెప్పడు.
డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను.

సోమవారం మొదటిసారి కొండ దిగాను.
బ్రేకు తొక్కినప్పుడల్లా తెర మీద
చక్రాల నుంచి బ్యాటరీకి ఆకుపచ్చ బాణాలు.
కొండ నాకు ఎదురు బాకీ తీరుస్తున్నట్టుంది.
ఊళ్లోకి వచ్చేసరికి పెట్రోలు ముల్లు కదల్లేదు.
సాయంత్రం పైకెక్కేటప్పుడు
పొద్దున దాచిందంతా రెండో మలుపుకే ఖాళీ.
ఇంజను గొంతు విప్పింది.

"పనికి పోవడం ఉచితం,
ఇంటికి రావడానికే ఖర్చు"
అని మర్నాడు టీ దగ్గర చెప్పాను.
"మాకు తిరగేసి" అంది రాత్రి డ్యూటీ నర్సు ఎతేరి
చెప్పులు విప్పి పాదాలు నొక్కుకుంటూ.

శనివారం ట్యాంకు నింపించాను.
బంకు కుర్రాడి చెవి మీది పెన్సిలు అడిగి
మార్చి పద్నాలుగు కింద ఒక గీత ఖాళీగా వదిలి
తారీకు వేశాను.
కిలోమీటర్లు. లీటర్లు.
ఆరున్నర వచ్చింది.
కొండ ఉంది కదా,
అని పక్కన రాశాను,
ఎవరికో సంజాయిషీ ఇస్తున్నట్టు.