లోపల వదిలిన గుడ్డ

ముప్పై ఏండ్లుగా జాకెట్లు కుడుతున్నా.
మార్జిన్ అంటే నాకు తెలిసింది ఒకటే:
కుట్టుకూ అంచుకూ నడుమ
కనపడకుండా మడిచి వదిలే ఇంచు గుడ్డ.
కాన్పయినాక ఒళ్లొస్తే
విప్పుకునేదానికి.

కర్నూలు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ
ఆ మాటనే తిరగేసింది.
గడ్డ చుట్టూరా మంచి కండ కూడా కొంచెం తీస్తాం మాబున్నమ్మా,
దాన్నే మార్జిన్ అంటాం.
నేను వదిలేదీ ఆమె తీసేదీ
ఒకటే పేరు.
రొమ్ము నిలబెడతాం అనింది.
ఆ ఒక్క మాట పట్టుకుని సంతకం పెట్టినా.

కోసిన ముక్కకు రెండు దారాలు కట్టి పంపుతారంట.
పొట్టిది పైవైపుకు,
పొడుగుది చంకవైపుకు.
నర్సు చెబుతుంటే నొప్పిలో కూడా నవ్వొచ్చింది.
నేనూ అంతే కదమ్మా,
ఎడమ చేతికి ఒక టాకా, కుడి చేతికి రెండు,
ముక్కలు తారుమారు కాకుండా.

అంచులకు సిరా పూసి
సన్నగా తరిగి అద్దం కింద చూస్తారంట.
గడ్డ సిరాను తాకకుండా ఉంటే చాలంట.

పదకొండో రోజు కాగితం వచ్చింది.
అయిదు వైపులు తేట.
కిందివైపు, సిరా మీదనే ఉంది.
తమ్ముడు ఖాజా ఆ లైను రెండుసార్లు చదివి
కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు,
నాది కాదన్నట్టు.

ఇంకొంచెం లోపలికి తీసుకోవాల, అనింది డాక్టరమ్మ.
అచ్చం గిరాకీలు నాతో అనే మాట.

రెండోసారి తేటగా వచ్చింది.
కరెంటు పెట్టేవాళ్లు ఒంటి మీద గీతలు గీసి
చెరపొద్దన్నారు.
నా సుద్ద గీతలు ఒక్క ఉతుక్కే పోతాయి.
ఇవి ఇరవై రోజులున్నాయి.
ఎండాకాలం, చెమట,
గీత తప్పుతుందేమోనని చెంబు నీళ్లు కూడా
భయం భయంగా పోసుకున్నా.

మళ్లా వస్తుందా అని అడిగినా.
వచ్చేది తక్కువ, అనింది.
తక్కువంటే ఎంతని అడగలే.
అరంగుళం తేడా వస్తే నిద్రపోని దాన్ని,
అడగలే.

మొన్న నందికొట్కూరు నుంచి ఒకామె వచ్చింది.
గుడ్డ సంచి ఒళ్లో పెట్టుకుని
గిరాకీలంతా పోయేదాకా కూసుంది.
తలుపు వేసినాక కూడా
పైట మీది చెయ్యి తీయలే.
టేపు పక్కన పెట్టి
ముందు నా జాకెట్టు పై రెండు హుక్కులు విప్పినా.
ఎడమవైపు ముక్కాలించు తగ్గించి
లోపల దూది పొర వేసుకున్న జాకెట్టు.
చూసింది. చానాసేపు చూసింది.
తర్వాత చెయ్యి తీసింది.

నీకు లోపల రెండించులు వదులుతా, అన్నా.
చిక్కినావు. మళ్లా ఒళ్లు చేస్తావు.
విప్పుకోవచ్చు.

మంగళవారం నాకు చెకప్పు.
ఆమె జాకెట్టు మిషన్ మీదనే ఉంది,
సూది గుడ్డలో దించి పెట్టినా,
జరగకుండా.