మూయని లైను

తెల్లారగట్ల మూడున్నరకి
చెంగల్రావుపేట సందులో వాల్వు గుంత మూత ఎత్తుతాను.
ఇరవయ్యారేళ్లుగా ఇదే పని.
నీళ్లు వదలడం, నీళ్లు ఆపడం.
ఎవరి బిందె నిండిందో ఎవరిది నిండలేదో
తిట్లని బట్టి తెలుస్తుంది.

నా తలలోనూ ఒక లైను ఉందని
ఊర్వశి జంక్షన్‌లో బండి జారేదాకా తెలీదు.
దెబ్బ మోకాలికి.
హెల్మెట్ చిట్లింది కదా, తల కూడా తీద్దాం అన్నారు కేజీహెచ్‌లో.
మోకాలు పదిరోజుల్లో మానింది.
తల మాత్రం ఇంకా తీస్తూనే ఉన్నారు.

డాక్టరు మజ్జి హైందవి, పాలకొండ పిల్ల,
మా అమ్మాయి ఈడుది,
నలుపు తెలుపు బొమ్మ మీద పెన్ను కొస ఆనించింది.
"ఇది ఉండకూడదండీ.
అమ్మ కడుపులో మీరు మినపగింజంత ఉన్నప్పుడు
వెనక మెదడుకి నెత్తురు అందించడానికి పుడుతుంది.
వారం పనిచేస్తుంది.
అసలు లైన్లు పడగానే దానంతటదే ఎండిపోతుంది.
వెయ్యిమందిలో ఏ ఇద్దరికో ముగ్గురికో ఎండదు."

నాకు నవ్వొచ్చింది.
మాకిలాంటివి బోలెడమ్మా అన్నాను.
ముడసర్లోవ నీళ్లు పాతూరికి తెచ్చిన పోతఇనప గొట్టం,
మ్యాపులో ఎప్పుడో కొట్టేశారు.
కురుపాం మార్కెట్ వెనక తవ్వితే
చల్లగా, చెమట పట్టి, పారుతూ కనబడింది.
దాని నీళ్లు ఎవరు తాగుతున్నారో
ఇప్పటికీ ఎవరికీ తెలీదు.

ఆ పిల్ల నవ్వలేదు.
పెన్ను ఒక్క వెంట్రుక జరిపింది.
మలుపు దగ్గర ఉబ్బు.
శనగ్గింజ కన్నా చిన్నది.

ఉబ్బు సంగతి నాకు ఒకరు చెప్పాలా.
పైన రోడ్డు పొడిగానే ఉంటుంది,
బస్సులు పోతుంటాయి, బజ్జీల బండి నిలబడుతుంది,
ఒక రాత్రి వీధి వీధంతా ఊడ్చుకుపోతుంది.

"పగుల్తదా?"
"పగలొచ్చు. జన్మంతా పగలకపోవచ్చు.
ఏడాదికి నూటికి ఒకటి అనుకోండి."
నా లైను మీద ఇళ్లు ఆరువందలు.
ఆరిళ్లు తలుచుకున్నాను, పేర్లతో సహా.
ఇడ్లీల మహలక్ష్మి ఇంటి దగ్గర ఆపేశాను.

"మూసేస్తే?"
"తీగచుట్ట పెట్టి ఉబ్బుని పూడ్చొచ్చు.
కానీ ఆ గొట్టాన్ని కాపాడాలి. మీ వెనక మెదడు
ఇంకా దాన్నే తాగుతోంది."

బయటికొచ్చి మెట్ల మీద కూచున్నాను.
కింద సముద్రం, లంగరేసిన రెండు ఓడలు.
మా అమ్మ అప్పలకొండ
చిట్టివలస గోనె మిల్లులో కండెలు మార్చేది.
నేను పడ్డానని తనకే తెలీని నెల అది.
నార దుమ్ములో దగ్గుతూ, షిఫ్టు మీద షిఫ్టు చేస్తూ
చూసుకోకుండానే నాకో గొట్టం వేసింది.
అమ్మది ఫొటో లేదు.
మిల్లు కార్డు చెదలు తినేసింది.
ఆవిడ చేతిపని ఇదొక్కటే మిగిలింది,
అదీ పగిలే చోట.

పైడమ్మ బీపీ మిషను కొంది. ఉప్పు తగ్గించింది.
ముక్కొద్దు, అరవొద్దు, బరువెత్తొద్దు అంటుంది.
నేను దొడ్లో ఆలస్యం చేస్తే తలుపు కొడుతుంది.
రాత్రి దగ్గితే లేచి లైటు వేసి
నా మొహం చూసి, ఆర్పేస్తుంది.
ఏమీ అడగదు.

ఇప్పుడు వాల్వు తిప్పేది కొత్త కుర్రోడు, సూరిగాడు.
ఇవాళ కీ పట్టుకుని ఒక్కసారే తిప్పబోయాడు.
మణికట్టు పట్టేశాను.
పావు తిప్పరా. ఆగు.
గొట్టంలో గాలి పోనీ. ఇంకో పావు.
పాతది, ఒక్కపాలి ఒత్తిడిస్తే తట్టుకోదు.
"ఏ లైను బాబాయ్ ఇది? మ్యాపులో లేదు."
ఉందిలే అన్నాను.

చివరింటి నూకరత్నం బిందె పెట్టి
ఆలస్యమైందని తిట్ల దండకం ఎత్తుకుంది,
నన్నూ, నా డ్యూటీనీ, నన్ను కన్నదాన్నీ.
కదలకుండా నిలబడి
మొత్తం విన్నాను.