గొడుగు బొమ్మ

వ్యాసర్పాడి రైలు గోడ వెనక
హార్బరు ప్యాలెట్లు విప్పుతున్నాం,
నేనూ మా సుంకన్న పెదనాయనా.
పీకిన ప్రతి మేకునీ రాయిమీద సాపుచేసి
డబ్బాలో వేస్తాడు. కొత్తవి కొననివ్వడు.

పలకల మీద ఏ దేశానివో అక్షరాలు,
ఒక గొడుగు బొమ్మ.

"వాకిలి నైరుతికి పెట్టరా,
ఐప్పసి వాన ఈశాన్యంనుంచి కొడతది.
నేల జానెడు లేపు.
గోడవారన అడ్డకర్ర బిగించు,
తల్లి దొర్లినా పిల్లలు నలగవు."
ఇన్ని తెలిసిన మనిషి ఇంట్లో
ఏటా మంచం కోళ్ల కింద ఇటుకలు.

రేకు వేసేసరికి చినుకులు.
సూడి పంది గుమ్మం దగ్గరే నిలబడి
మూతితో గాలి తడుముతోంది,
అడుగు వెయ్యదు.
పెదనాయన తిట్టలేదు, తొయ్యలేదు.
నడుం పట్టుకుని వంగి
ముందు తనే దూరాడు.

కాసేపు రేకు చప్పుడే.
తర్వాత లోపల్నుంచి:
"కురవడంలేదే తల్లీ, రా."